మానేసిన కంపెనీ దొంగతనం అంటగడుతోంది. ఎవరిని ఆశ్రయించాలి?

చిన్న అకౌంటెంట్

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మందుల పంపిణీ చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఆరేళ్లకు పైగా అకౌంట్స్ చూశాను. జీతాలు నెలల తరబడి ఆలస్యం కావడంతో రాజీనామా చేశాను. రాజీనామా అంగీకరిస్తున్నట్టు మెయిల్ ఇచ్చారు. నోటీసు కాలం పూర్తిగా పనిచేసి, నా స్థానంలో వచ్చిన అబ్బాయికి లెక్కలన్నీ అప్పజెప్పి బయటికి వచ్చాను. రిలీవింగ్ లెటర్ మాత్రం "ఆడిట్ అయ్యాక చూద్దాం" అన్నారు.

కొత్త ఉద్యోగంలో చేరాను, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. పోయిన వారం పాత కంపెనీ డైరెక్టరు ఇక్కడి హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టారు. సేల్స్‌మన్లు వసూలు చేసి తెచ్చిన నగదులో 6 లక్షల 40 వేలు నేను కాజేసి పారిపోయానట! అదే మాట డీలర్ల వాట్సాప్ గ్రూపులో కూడా రాశారు. అందులో నాకు తెలిసినవారు చాలామంది ఉన్నారు. నిన్న పోలీస్ స్టేషన్ నుంచి అంటూ ఫోను వచ్చింది, "ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లమ్మా" అని.

చేరినప్పుడు తీసుకున్న డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు, నేను సంతకం చేసి ఇచ్చిన 2 ఖాళీ చెక్కులు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. కొత్త కంపెనీ హెచ్ఆర్ సోమవారంలోగా రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నారు. "కోర్టుల చుట్టూ మనం తిరగలేం, ఎంతో కొంత కట్టి వదిలించుకుందాం" అంటున్నారు మావారు. నేను ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? వకీలు ఫీజు కూడా భారమే.

ఉప్పెన

దీనికి ఆలోచన ఎందుకండీ? 50 లక్షలకు పరువు నష్టం దావా వేయండి, వాళ్లే కాళ్లబేరానికి వస్తారు. నాకు తెలిసిన లాయర్ ఒకాయన ముందు ఫీజు అడగరు, గెలిచాక వచ్చినదాంట్లో మూడో వంతు తీసుకుంటారు.

నాంపల్లి వకీలు

ఉప్పెన గారూ, కొంచెం ఆగండి. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం మన దేశంలో న్యాయవాదులకు నిషిద్ధం. అలా అడిగిన మనిషి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు. ఇక 50 లక్షల దావా అంటే, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు దాఖలు చేసే రోజే కట్టాలి. ఆవిడ వకీలు ఫీజుకే వెనకాడుతుంటే మీరు ఆ బరువు నెత్తిన పెడుతున్నారు.

చిన్న అకౌంటెంట్ గారూ, మీకు పరువు నష్టం కేసు ఉంది. కానీ అది ఈ వారం పని కాదు. ఈ వారం చూసుకోవలసినవి స్టేషన్, చెక్కులు, సోమవారం ఇవ్వాల్సిన జవాబు. ఈ మూడూ చక్కబెట్టకుండా దావా వేస్తే, ఇల్లు అంటుకున్నప్పుడు పక్కింటివాడి మీద పంచాయితీ పెట్టినట్టు ఉంటుంది.

మీ మీద వాళ్లు పెట్టగలిగేది ఉద్యోగి నమ్మకద్రోహం కేసు. పాత ఐపీసీలో 408, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 316(4). ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, పోలీసులు నేరుగా నమోదు చేయగల నేరం. అలాగని ఫిర్యాదు అందగానే అరెస్టు చేసేయడానికి లేదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవసరం లేకపోతే హాజరు కావాలని నోటీసు ఇవ్వాలి. పాత 41ఎ నోటీసు అంటే అదే. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3).

భయంగా ఉంటే ఎఫ్ఐఆర్ కాకముందే ముందస్తు బెయిలు అడగవచ్చు. అరెస్టు చేస్తారని నమ్మడానికి తగిన కారణం చూపిస్తే చాలు. సెషన్స్ కోర్టులో వేయవచ్చు. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ విధానాల చట్టం) 438, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482. గమనించండి, పాత చట్టంలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టును అడిగే సెక్షన్, ఇప్పుడు దానికి 528. ఇంటర్నెట్‌లో పాత వ్యాసాలు చదివి వచ్చిన క్లయింట్లు ఈ రెండింటినీ కలిపేసి మా ప్రాణం తీస్తున్నారు.

ఒక ప్రశ్న. ఆ మెయిలు, మీ కొత్త కంపెనీ ఆరా తీస్తే వచ్చిన జవాబా, లేక వాళ్లంతట వాళ్లు పంపినదా?

పాత ఖాకీ

నేను ఆ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఫోనులో "వచ్చి మాట్లాడి వెళ్లు" అన్నారంటే చాలాసార్లు ఎఫ్ఐఆర్ లేనట్టే. పిటిషన్ ఒకటి టేబుల్ మీద ఉంటుంది, రెండు పక్షాలనూ కూర్చోబెట్టి డబ్బు విషయం తేల్చేద్దామని చూస్తారు. అది పోలీసుల పని కాదు, కానీ జరుగుతుంది.

అమ్మా, ఒంటరిగా వెళ్లవద్దు. ఎఫ్ఐఆర్ అయిందా, అయితే నంబరు ఎంత, కాకపోతే ఏ పిటిషన్ మీద పిలుస్తున్నారు, పిలిచిన అధికారి పేరేమిటి, మర్యాదగా అడగండి. నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమనండి. వాట్సాప్‌లో పంపిన నోటీసు సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షిగా విచారించాలన్నా మహిళను ఆమె ఉండే చోటే విచారించాలి, స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. సూర్యాస్తమయం తర్వాత మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, స్టేషన్‌లో "ఇంత కడతాను" అని ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. మీవారికి కూడా చెప్పండి. డబ్బు కడతానని రాసిచ్చిన రోజున, తీశానని మీరే ఒప్పుకున్నట్టు చూపిస్తారు.

చిన్న అకౌంటెంట్

వకీలు గారూ, మా కొత్త కంపెనీ వాళ్లు చేరేటప్పుడే వెరిఫికేషన్ పూర్తి చేశారు. అప్పుడు పాత కంపెనీ నుంచి "పనిచేసింది వాస్తవమే" అని మాత్రమే వచ్చింది. ఇప్పటి మెయిలు ఎవరూ అడగకుండా వచ్చిందే.

పాత ఖాకీ గారూ, మీ మాట చదివించాను. మావారు ఏమీ అనలేదు, కానీ కట్టేద్దాం అనడం మానేశారు.

నాంపల్లి వకీలు

అయితే మీ పక్షం గట్టిదే. కొత్త యజమాని అడిగితే పాత యజమాని సదుద్దేశంతో, తెలిసిన మేరకు చెప్పిన మాటకు చట్టంలో రక్షణ ఉంటుంది. అడగకుండా పంపిన మెయిలుకు ఆ రక్షణ పలచబడుతుంది. డీలర్ల గ్రూపులో పెట్టినదానికి మరీనూ. ఆ డీలర్లకు మీ లెక్కలతో ఏం సంబంధం? వాళ్లు పెట్టిన అన్నిటిలోకీ మీకు ఎక్కువగా పనికొచ్చేది ఆ వాట్సాప్ సందేశమే. అందులో ఉన్న స్నేహితులు ఎవరైనా సాక్షిగా నిలబడగలరేమో ఇప్పుడే అడిగి ఉంచండి.

ఇందులో దారులు రెండు. పరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే గడువు ఏడాది మాత్రమే, ఆ మాట ఇతరుల ముందు పెట్టిన తేదీ నుంచి. చాలామంది ఇది తెలియక పోగొట్టుకుంటారు. క్రిమినల్ దారిలో న్యాయ సంహిత 356వ సెక్షన్, రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా లేదా సామాజిక సేవ. దీనికి గడువు మూడేళ్లు. ఇది స్టేషన్‌లో ఇచ్చే కేసు కాదు, మేజిస్ట్రేటు ముందు మీరే ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. కొత్త చట్టంలో ఫిర్యాదును స్వీకరించే ముందు అవతలి వాళ్ల మాట కూడా వినాలన్నారు, కాబట్టి మొదటి మెట్టులోనే కొంత కాలం పోతుంది.

డెబిట్ క్రెడిట్

సెక్షన్ల సంగతి వకీలు గారికి వదిలేస్తాను. నేను అడిగేది లెక్కల సంగతి. 6 లక్షల 40 వేల లోటు ఏ సంవత్సరంలో అంటున్నారు?

చిన్న అకౌంటెంట్

పోయిన ఆర్థిక సంవత్సరంలో అని మెయిలులో రాశారు. ఆ సంవత్సరం ఆడిట్ అయిపోయింది. నేను ఉండగానే సంతకాలు అయ్యాయి.

డెబిట్ క్రెడిట్

అమ్మయ్య, ఇది చెప్పాల్సింది! మార్చి 31 నాటికి చేతిలో ఉన్న నగదు ఇంత అని బ్యాలెన్స్ షీటు మీద డైరెక్టర్లు సంతకం పెట్టారు, దాన్ని ఆడిటరు నివేదిక సమర్థించింది. మోసం కంటపడితే ఆడిటరు చెప్పి తీరాలని కంపెనీల చట్టం 143(12) అంటుంది. ఇప్పుడు అదే సంవత్సరంలో ఆరు లక్షలు పోయాయని అంటే, తాము పెట్టిన సంతకం సంగతేమిటో ముందు వాళ్లు చెప్పాలి. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కట్టి ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటైనా చూడవచ్చు. దాఖలు చేసి ఉంటే ఈ రోజే దించుకోండి.

రెండోది ఎడిట్ లాగ్. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు చేశారో నమోదు కావాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది సరిగా నడిచిందా అని ఆడిటరు తన నివేదికలో రాయాలి. మీరు వెళ్లిపోయాక మీ లాగిన్‌తో ఎవరైనా పాత రసీదులు మార్చి ఉంటే ఆ తేదీలు అందులో దొరుకుతాయి. లాగ్ లేదంటారా, అప్పుడు కంపెనీ నియమం తప్పినట్టు. ఎటు చూసినా వాళ్లకే ఇబ్బంది.

మందుల వ్యాపారంలో నగదు లోటు ఎలా పుడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గడువు తీరిన సరుకు వెనక్కి వస్తుంది, క్రెడిట్ నోటు ఆలస్యంగా వేస్తారు. సేల్స్‌మన్ సగం నగదు ఇచ్చి సగం పార్టీ దగ్గర ఉందంటాడు, కానీ పుస్తకంలో మొత్తం రసీదు అయిపోతుంది. ఆ తేడాలన్నీ చివరికి అకౌంటెంట్ మెడకు చుడతారు. రోజూ నగదు ఎవరు లెక్కపెట్టేవారు, బ్యాంకులో ఎవరు వేసేవారు, జ్ఞాపకం ఉన్నంత వరకు రాసి పెట్టుకోండి.

చిన్న అకౌంటెంట్

నగదు లెక్కపెట్టేది డైరెక్టరు గారి బావమరిది. నేను రసీదు ఎంట్రీ మాత్రమే వేసేదాన్ని. నా పాస్‌వర్డ్ అప్పజెప్పే కాగితంలోనే రాసి ఇచ్చాను, అందుకున్నట్టు సంతకం కూడా ఉంది.

ఇంకొకటి. ఇంటి నుంచి పనిచేసినప్పుడు తీసుకున్న ట్యాలీ బ్యాకప్ నా లాప్‌టాప్‌లో ఉండిపోయింది. దాన్ని హెచ్ఆర్‌కు పంపితే నిజం తేలిపోదా?

ఉప్పెన

పంపండి పంపండి, అదే బ్రహ్మాస్త్రం.

నాంపల్లి వకీలు

దయచేసి పంపవద్దు! అందులో ఆ కంపెనీ కస్టమర్ల వివరాలు, ధరలు అన్నీ ఉంటాయి. అనుమతి లేకుండా బయటికి పంపితే సమాచార సాంకేతిక చట్టం 66 కింద మూడేళ్ల వరకు శిక్ష పడే కేసును మీ చేతులతో మీరే అందించినవారవుతారు. డబ్బు దొంగతనం రుజువు కాకపోయినా డేటా దొంగతనం పట్టుకుంటారు.

అలాగని చెరిపేయవద్దు కూడా. తెరవకండి, కాపీ చేయకండి. మీ వకీలుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాన్ని ఏ రూపంలో ముందుకు తేవాలో ఆయన చూసుకుంటారు. అవతలి పుస్తకాలు కావాలంటే, కేసు నడిచే దశలో హాజరు పరచమని కోర్టు చేత సమన్లు ఇప్పించుకునే మార్గం ఉంది.

వాట్సాప్ సందేశం విషయంలో స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి, ఆ సందేశం అందుకున్న ఫోను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. పాత సాక్ష్య చట్టంలో 65బి సర్టిఫికెట్ అనేవారు, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63. అసలు ఫోనునే కోర్టు ముందు పెట్టకపోతే, ఆ సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ కాపీ నిలబడదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

హెచ్ఆర్ అక్కయ్య

నేను ఇలాంటి మెయిళ్లను అందుకునే వైపు కూర్చుంటాను. మా బల్లకు ఇటు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. ఇలాంటి మెయిలు వస్తే మాకు మొదట కలిగేది చిరాకు. మీరు దొంగా కాదా అని తేల్చే ఓపిక మాకు ఉండదు. మనిషి కంగారు పడుతోందా, కాగితాలు చూపిస్తోందా అన్నదే చూస్తాం. ఆరు పేజీల కన్నీటి గాథ రాసేవాళ్లు ఓడిపోతారు. పాత యజమాని దుర్మార్గాలు ఏకరువు పెట్టకండి, రేపు మమ్మల్నీ ఇలాగే అంటుందేమో అనిపిస్తుంది.

ఇలా రాయండి, మీ వకీలుకు చూపించి పంపండి:

"ఫలానా తేదీన మీకు అందిన మెయిలులోని ఆరోపణ అవాస్తవం. నేను ఫలానా తేదీన రాజీనామా చేశాను, ఫలానా తేదీన కంపెనీ అంగీకరించింది. నోటీసు కాలం పూర్తిచేసి బాధ్యతలు రాతపూర్వకంగా అప్పగించాను. నేను పనిచేసిన కాలంలో నాకు ఎలాంటి షోకాజ్ నోటీసు గానీ, విచారణ గానీ, రికవరీ డిమాండు గానీ రాలేదు. సంబంధిత పత్రాలు జతచేస్తున్నాను. ఈ ఆరోపణపై చట్టపరమైన చర్యలు తీసుకుంటున్నాను. మీకు అవసరమైన సమాచారం ఏదైనా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను."

అంతే. రాజీనామా అంగీకార మెయిలు, అప్పగింత కాగితం జతచేయండి. ‘పారిపోయింది’ అన్న మాట అక్కడికక్కడే పడిపోతుంది. ఆ ఒక్క మాట అబద్ధమని కాగితం మీద కనిపిస్తే మిగతాదాన్ని మేమూ అనుమానంగానే చదువుతాం.

వచ్చిన మెయిలు కాపీ హెచ్ఆర్‌ను అడిగి తీసుకోండి. ఇస్తారన్న హామీ లేదు, అయినా అడిగినట్టు రాతలో ఉండాలి.

డెబిట్ క్రెడిట్

ఖాళీ చెక్కుల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఖాతా మూసేస్తే సరిపోతుంది కదా?

నాంపల్లి వకీలు

సరిపోదు. ఖాతా మూసేసినందువల్ల చెక్కు తిరిగివచ్చినా 138 (చెక్కు బౌన్స్) కేసు పడుతుందని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టాప్ పేమెంట్ ఇచ్చినా కేసు వేయగలరు. 2019 నాటి బీర్ సింగ్ తీర్పు ప్రకారం, సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివారు నింపినా అది అప్పు తీర్చడానికి ఇచ్చినట్టే కోర్టు ముందుగా అనుకుంటుంది. అప్పు లేదని మీరే చూపించాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఖాళీ చెక్కులు అడిగే కంపెనీలను చూసి అందరూ మామూలే అనుకుంటారు, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

మీరు చేయవలసింది, చెక్కు నంబర్లు రాసి, ఇవి ఉద్యోగంలో చేరేటప్పుడు భద్రత కోసం తీసుకున్నవి, మీకు నేను బాకీ ఏమీ లేదు, సర్టిఫికెట్లతో పాటు తిరిగి ఇవ్వండి అని స్పీడ్ పోస్టులో లేఖ. వాళ్లు చెక్కు బ్యాంకులో వేయకముందే ఈ లేఖ వెళ్లి ఉంటే దాని విలువ వేరు. బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా చెప్పండి. ఒకవేళ వేసి, తిరిగొచ్చి, నోటీసు పంపితే 15 రోజుల్లోగా జవాబు ఇచ్చి తీరండి. ఆ నోటీసుకు మౌనంగా ఉండడం ఒప్పుకోవడంలా కనిపిస్తుంది.

ఫీజు గురించి అడిగారు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు ఇది. 15100కు ఫోను చేయండి, లేదా మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఉచితం కదా, నాసిరకం వకీలును ఇస్తారని అపోహ ఉంది. మంచివారూ ఉంటారు, పట్టించుకోనివారూ ఉంటారు, డబ్బిచ్చి పెట్టుకున్నా అంతే. నచ్చకపోతే మార్చమని అడగవచ్చు.

కరీంనగర్ కుర్రాడు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అన్న సౌదీలో ఉన్నాడు. కంపెనీ మారతానని అడిగినందుకు కఫీల్ (అక్కడి యజమాని) హురూబ్ పెట్టాడు, అంటే పని వదిలి పారిపోయాడని ఫిర్యాదు. పారిపోలేదు, క్యాంపులోనే ఉన్నాడు. దానికి కూడా ఇక్కడి కోర్టులో వేయవచ్చా?

నాంపల్లి వకీలు

తమ్ముడూ, అది అక్కడి కార్మిక శాఖలో తేలవలసిన విషయం, ఇక్కడి కోర్టుతో పని జరగదు. అన్న క్యాంపులో ఉన్నట్టు, డ్యూటీ చేసినట్టు ఉన్న ఆధారాలన్నీ ఫోనులోంచి మీకు పంపించమను. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఈ రోజే ఫిర్యాదు నమోదు చెయ్యి, రియాద్‌లోని ఎంబసీకో, జెడ్డా వైపు ఉంటే అక్కడి కాన్సులేట్‌కో అన్న చేత నేరుగా చెప్పించు. దీనికి వేరే చర్చ మొదలుపెట్టు, గల్ఫ్ వాళ్లు బాగా చెబుతారు. ఆలస్యం చేయవద్దు.

పాత ఖాకీ

చిన్న అకౌంటెంట్ గారు మళ్లీ కనబడలేదు. సోమవారం దాటింది. ఏమైందమ్మా?

చిన్న అకౌంటెంట్

క్షమించండి, తిరగడంతోనే సరిపోయింది. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఒక మహిళా న్యాయవాదిని ఇచ్చారు. ఆవిడతో కలిసి స్టేషన్‌కు వెళ్లాను. ఎఫ్ఐఆర్ లేదు, పాత ఖాకీ గారు చెప్పినట్టు పిటిషనే. రాజీనామా అంగీకార మెయిలు, అప్పగింత కాగితం కాపీలు ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఎస్సై గారు కాగితాలు చూసి, "మరి ఇవన్నీ వాళ్లు చెప్పలేదే" అన్నారు.

అక్కయ్య గారి నమూనా దాదాపు అలాగే పంపాను. ఉద్యోగం ప్రస్తుతానికి ఉంది, ప్రొబేషన్ మాత్రం పొడిగించారు. మెయిలు కాపీ ఇవ్వలేదు, చూపించారు. బ్యాలెన్స్ షీటు దించాను. నగదు నిల్వ ఎలాంటి వ్యాఖ్యా లేకుండా ఉంది.

చెక్కుల లేఖ అందిన మర్నాడే డైరెక్టరు గారు మావారికి ఫోను చేశారు. గ్రాట్యుటీ అడగను, ఎలాంటి కేసూ పెట్టను అని రాసిస్తే చెక్కులు, సర్టిఫికెట్లు, రిలీవింగ్ లెటర్ ఇచ్చేస్తారట. "మాలో మాకు అపార్థం" అని కూడా అన్నారట. మావారికి సంతోషంగా ఉంది. నాకు మాత్రం ఎటూ తేలడం లేదు.

ఉప్పెన

ఆరు లక్షలు కాజేసిందని ఊరంతా చాటి ఇప్పుడు అపార్థమా? ఒప్పుకోకండి.

హెచ్ఆర్ అక్కయ్య

నేను ఉప్పెన గారితో ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు. అయినా ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి ఏడాది పొడుగునా కోర్టు వాయిదాలంటే సెలవులు ఎవరిస్తారు? రాజీ తప్పేమీ కాదు. కానీ మా కంపెనీ లాంటి చోటికి ఆ మెయిలును వెనక్కి తీసుకుంటూ ఇంకో మెయిలు రావాలి. అది లేని రాజీ వల్ల మీకు చెక్కులు దక్కుతాయి, పేరు దక్కదు.

నాంపల్లి వకీలు

గ్రాట్యుటీ వదులుకోవద్దు. ఆరేళ్లు దాటింది, చివరి జీతంలో 15 రోజుల చొప్పున ఏడాదికి లెక్కగట్టి, మానేసిన 30 రోజుల్లో ఇవ్వాల్సిన సొమ్ము. దాన్ని ఆపే అధికారం ఉద్యోగం నుంచి తొలగించిన వారి విషయంలోనే ఉంది. మీరు రాజీనామా చేశారు, వాళ్లు అంగీకరించారు. పీఎఫ్ సొమ్మును ఆపే హక్కు యజమానికి అసలే లేదు.

రాజీ పత్రంలో వాళ్ల వైపు నుంచి ఇవి ఉండాలి. ఆరోపణకు ఆధారం లేదని స్పష్టంగా ఒక వాక్యం, ‘అపార్థం’ అన్న పదం చాలదు. కొత్త కంపెనీకీ, ఆ డీలర్ల గ్రూపుకీ అదే వాక్యం, అదే డైరెక్టరు పేరు మీద. పోలీస్ పిటిషన్ వెనక్కి తీసుకున్నట్టు కాపీ. చెక్కుల నంబర్లు రాసి తిరిగి ఇచ్చినట్టు రసీదు. ఇవన్నీ చేతికి అందిన తర్వాతే మీరు కేసు వేయనని రాసివ్వాలి, ముందు కాదు. వీలైతే లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. కేసు వేయకముందు కూడా వీలవుతుంది, ఆ అవార్డుకు (అక్కడి తీర్పుకు) కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

బేరాలు సాగుతున్నాయని ఏడాది గడువు ఆగదు. గ్రూపులో సందేశం పెట్టిన తేదీ మీ న్యాయవాది ఫైలు అట్ట మీద రాయించండి. వాళ్ల డ్రాఫ్టు వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ఆవిడతో పాటు నేనూ ఒకసారి చూస్తాను.